కుంపటి మీది నీలం మంట

నన్ను బాయిల అందరు గ్యాసన్న అని పిలుస్తుండ్రి. గ్యాసు బండలు అమ్మెటోన్ని అనుకునేరు, కాదు. బొగ్గుబాయి లోపట గాలి ఎట్లున్నది, అండ్ల మనిషిని చంపే గ్యాసు ఏమన్న కలిసిందా అని చూసుడు నా నౌకరి. గోదావరిఖనిల ముప్పై ఏండ్లకు పైన గిదే చేసిన. ఒక చేతిల సేఫ్టీ దీపం, ఇంకో చేతిల గాజు గొట్టాల డబ్బా. నేను "ఆగుండ్రి" అంటే మేనేజరైన ఆగాలె. ఆ ఒక్క మాటకే నాకు మస్తు గర్వం ఉంటుండె. కటింగు షాపుల నన్ను అడగంది అగరుబత్తి సుత ముట్టియ్యరని మా ఇంటామె ఎక్కిరిస్తుండె.

కొత్తగ నౌకరిల చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొస్తరు. "కాకా, నీ సర్వీసుల యాదికుండిపోయిన ముచ్చట ఒక్కటి చెప్పు" అంటరు. నేను ఒక షిఫ్టు మందిని బయటికి తోలిన ముచ్చట చెప్త. వాళ్ళు ఖుషీ అయితరు, చాయ్ తాగి పోతరు. ఆ రోజు ముచ్చటల నేను ఇన్నేండ్లు సగమే చెప్పిన. బాయి కింద అయింది చెప్పిన, బాయి మీద అయింది మింగిన. ఇయ్యాల రెండూ చెప్త. విన్నంక మీరు నన్ను కాకా అని పిలుస్తరో లేదో మీ ఇష్టం.

ముందుగాల బొగ్గు కాలుడు గురించి నాలుగు ముక్కలు వినుండ్రి. విసుక్కోకుండ్రి, ఇది ఎరుక లేకపోతే ముచ్చట అర్థం గాదు.

బొగ్గుకు సాలినంత గాలి దొరికితే పూర్తిగ కాలి కార్బన్ డయాక్సైడ్ అయితది. రామగుండం కరెంటు ప్లాంటు పొగగొట్టాలకెళ్ళి రాత్రింబవళ్ళు టన్నులకు టన్నులు పోయేది గదే. అది మీదికి పోయి కమ్ముకొని లోకాన్ని మెల్లమెల్లగ ఉడకవెడ్తది. మా దిక్కు ఎండకాలం ఏ తీరుగ అయిందో మీకు నేను చెప్పేది లేదు. ఇగ గాలి సాలకపోతే బొగ్గు సగం సగం కాల్తది. గప్పుడు పుట్టేది కార్బన్ మోనాక్సైడ్. దీనికి రంగు లేదు, వాసన లేదు. నెత్తుట్ల ఆక్సిజన్ కూసునే జాగల ఇది వచ్చి కూసుంటది, లెవ్వుమంటే లెవ్వదు. ముందుగాల తల నొస్తది. తర్వాత మత్తొస్తది. ఆ మత్తులనే మనిషి పోతడు, పోతున్న సంగతి ఆయనకు సుత ఎరుక గాదు.

ఎర్రటి నిప్పుల మీద సన్నగ నీలం మంట ఆడుతుంటది, చూసిండ్రా? అది గీ గ్యాసే. నిప్పుల నడిమిట్లకెళ్ళి వచ్చి, పైన గాలి తగిలి కాలిపోతుంటది. ఆ మంట మీద బూడిద కప్పుతే మంట ఆర్తది గని గ్యాసు ఆగదు. కాలకుండ చప్పుడు లేకుండ ఇంట్లకొస్తది. ఈ ముక్క నేను కంపెనీ ట్రైనింగు క్లాసులల్ల ఎంత మందికి చెప్పిన్నో లెక్క లేదు. బోర్డు మీద బొమ్మ గీసి, నీలం సుద్దముక్కతోని మంట దిద్ది మరీ చెప్తుంటి.

గప్పుడు మా క్వార్టర్లల్ల అన్నం బొగ్గు మీదనే వండుకుంటుండ్రి. ఇంటికింత అని కంపెనీ బొగ్గు వస్తుండె. దాన్ని వాకిట్ల కుప్ప పోసి అంటువెట్టి, పొగంత పోయేదాక కాలనిచ్చి, నీళ్ళు చల్లి ఆర్పుతరు. మిగిలింది కోకుబొగ్గు. దాన్ని కుంపట్ల వేసుకుంటే పొగ రాదు. కుంపటంటే ఏం లేదు, పాత ఇనుప బకెట్టుకు లోపట మట్టి మెత్తి, నడిమిట్ల చువ్వలు పెట్టుడే. పొద్దుగాల కాలనీ కాలనీ కుప్పలు కాలుతుంటే అవుతల గల్లీల మనిషి ఇవుతల గల్లీకి కానరాకుండ ఉంటుండె. ఆరేసిన ధోతులు నల్లగయితుండె. చిన్నపోరగాండ్ల ముక్కులల్ల వేలు పెట్టి తీస్తే మసి వస్తుండె. అందుకే మా అందరి మనసుల ఒకటే ఉండిపోయింది. పొగనే పాడుది, పొగ పోయినంక మిగిలింది మంచి నిప్పు. కాలనీ అంత గదే అనుకుంటుండె. క్లాసుల పాఠం చెప్పే నేను సుత ఇంటికొస్తే గదే అనుకుంటుంటి.

ఇది మీకు విడ్డూరంగ అనిపిస్తది. నాకు ఇప్పటికి అనిపిస్తది. మా పనిల ఒక అలవాటుండె. షిఫ్టు దిగి మీదికొచ్చినంక లాంపు రూములనే దీపం అప్పజెప్పి, స్నానం చేసి, ఇంటికి పోతం. దీపంతోని పాటు తెలివి సుత ఆడనే అప్పజెప్పి పోతుంటిమి. బాయి కింద ఉండేది గ్యాసు, బాయి మీద ఉండేది గాలి. ఇంట్ల పరీక్ష చెయ్యాలెనని ఎవ్వనికన్న తోస్తదా? తోచలే.

మా పక్క క్వార్టరుల సర్దార్ ఉంటుండె. సర్దార్ అంటే షిఫ్టుల కూలీల మీద పెద్ద, గ్యాసు పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకున్నోడు. చుట్టరికం ఏం లేదు గని నేను ఆయనను బావా అంటుంటి, ఆయన నన్ను బావా అంటుండె. ఇద్దరిది ఒకటే బాయి, ఒకటే షిఫ్టు, మా రెండిండ్లకు నడుమ ఒకటే గోడ. ఆయన భార్య నాకు అక్క. ఆమె చేసిన సర్వపిండి గోడ మీదికెళ్ళి మా ఇంటికి వస్తుండె, మా ఇంట్ల పచ్చిపులుసు ఆ ఇంటికి పోతుండె. బావ తల్లి, మేమందరం అవ్వా అని పిలిచే ముసలామె, వాళ్ళతోనే ఉంటుండె. మంథని దిక్కు పల్లెల పుట్టి పెరిగిన మనిషి. నోరు పెద్దది. గేటు కాడ కూసుండి పొయ్యేటోళ్ళను వచ్చేటోళ్ళను పలకరించకుండ ఇడువకపోతుండె. నన్ను చూస్తే "ఏం కొడుకా, ఇయ్యాల గాలి మంచిగున్నదా?" అని నవ్వుతుండె.

బావకు ఒక్కతే బిడ్డ. నా చేతుల మీద పెరిగిన పిల్ల. నన్ను మామా అంటుండె. చిన్నగున్నప్పుడు నా హెల్మెటు పెట్టుకొని వాకిలంత తిరుగుతుండె. పెండ్లి చేసి మందమర్రికి ఇచ్చిండ్రు. ఆ ఏడు చలికాలం మొదటి కాన్పుకు తల్లిగారింటికొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డ మంచిగున్నరు. బావ క్యాంటీన్ల అందరికి జిలేబి తినిపిచ్చిండు. "ఇగ తాతవైనవు, ముసలోనివైనవు" అని మేము ఏడిపిస్తే, "తాతైతే ఏందిరా, మీ అందరి కంటే జల్ది బాయి దిగుత" అని మురిసిండు.

బాలింత ఉన్న ఇంట్ల మా దిక్కు పద్ధతి మీకెరుకనే. బాలింతకు గాలి తగలొద్దు. చెవులల్ల దూది, తలకు గుడ్డ. తలుపు మూసుడు, కిటికీ మూసుడు, సందులుంటే బట్టలు కుక్కుడు. తలస్నానం అయినంక మంచం కాడ కుంపటి పెట్టి, సాంబ్రాణి ఏసి, తల ఆరవెట్టుడు. అవ్వ తన ఆరుగురు పిల్లల కాన్పులకు గట్లనే చేసుకున్నది. కాకపోతే అవ్వ కాన్పులు పల్లెల పెంకుటింట్ల అయినయి. ఆ ఇంటికి పెంకుల సందులల్లకెళ్ళి గాలి వస్తుండె. కుంపట్ల కట్టెబొగ్గు చారెడు ఉంటుండె. మా క్వార్టరు గది సిమెంటుది, చిన్నది, కిటికీ మూస్తే డబ్బా మూసినట్టే. కుంపటి బకెట్టంత, అండ్ల నిండ కోకుబొగ్గు. అవ్వకు ఈ ఫరక్ ఎరుక గాదు. ఆమెకు ఎరుక గాకపోవుడు తప్పు గాదు.

నేను షిఫ్టు మందిని బయటికి తోలిన దినానికి ముందు రోజు మాపటికి, గోడ కాడ నిలబడి పిల్లను పలకరించిన. తలుపు జర తెరిచి మొఖం చూపిచ్చింది. "తల మస్తు నొస్తుంది మామా, పొద్దున జరసేపు కుంపటి పెట్టినకాడికెళ్ళి ఒక్కతీరుగ" అన్నది. అవ్వ లోపటికెళ్ళి "చలి పట్టింది, తలుపు ముయ్యి" అని ఒర్రింది. నేనేమన్న? "చలికే బిడ్డా, అవ్వ చెప్పినట్టు విను" అన్న. తల నొచ్చుడు మొదటి గుర్తు అని ఏండ్లకేండ్లు క్లాసు చెప్పిన మనిషిని నేను.

తెల్లారి మొదటి షిఫ్టు. నేను స్కూటర్ తీసిన. నా మనసంత బాయిల ఉన్నది. లోపట ఒక పాత పనిజాగను ఇటుక గోడ కట్టి మూసినం. ఆ గోడెనుక మిగిలిన బొగ్గు తనంతట తానే వేడెక్కుతుందని నాకు మూడొద్దులసంది అనుమానం. గోడల ఒక పైపు ఉంటది. అండ్లకెళ్ళి గాలి తీసి గాజు గొట్టంల పట్టి చూస్తే, మోనాక్సైడ్ తగిలితే మారే రంగు రోజురోజుకు జరంత ముదురుతుంది. ఇయ్యాల ఇంకా ముదిరితే ఏం చెయ్యాలె, మేనేజరుతోని ఏం కొట్లాడాలె, గదే ఫికర్.

అక్క వాకిట్ల కుంపటి అంటువెట్టింది. పొగంత పోయి, నిప్పులు నిండుగ ఎర్రగైనయి. నిప్పుల మీద నీలం మంట సన్నగ ఆడుతుంది. అక్క నన్ను చూసి గోడ కాడికొచ్చింది.

"తమ్మీ, నువ్వు గ్యాసు సంగతి తెలిసినోనివి. పిల్లకు నిన్నటిసంది తల నొస్తుంది. ఇయ్యాల మళ్ళ ఈ కుంపటి లోపట పెడ్తే ఏమన్న అయితదా? అవ్వనేమో పెట్టుమంటుంది. నాకు జర బుగులైతుంది."

నేను స్కూటర్ మీదికెళ్ళే కుంపటి దిక్కు చూసిన. నీలం మంట చూసిన. చూసిన, అబద్ధం ఎందుకు చెప్పాలె. మంచిగ అంటుకుంది అనుకున్న.

"పొగ పోయింది గదక్కా. పొగ పోయినంక ఏం కాదు. పెట్టుండ్రి" అన్న.

అక్క మొఖం తేటగైంది. "నువ్వన్నవంటే ఇగ ఫికర్ లేదు" అన్నది. గంతే. నేను కిక్కు కొట్టిన. వెనుకనే బావ బూట్ల చప్పుడు చేసుకుంట వచ్చి స్కూటర్ ఎక్కిండు. ఇద్దరం బాయికి పోయినం.

బాయిల ఆ రోజు అయింది మీరు విన్నదే. నేను గోడ కాడ గాలి తీసి చూసిన. గాజు గొట్టంల రంగు ఎన్నడు లేనంత దూరం పాకింది. కిరోసిన్ కాలినట్టు సన్నటి వాసన సుత వచ్చింది. బావను పిలిచి చూపిచ్చిన. "బావా, ఇగ ఆగొద్దు. మందిని మీదికి తోలు" అన్న. ఆయన ఇంకో మాట అడగలే. పని జాగల్లకు ఉరికి ఒక్కొక్కన్ని లేపి తోలుకొచ్చిండు. ఫోనుల మేనేజరు మస్తు గరమైండు. "రంగు జరంత మారుతే పని బంద్ చేస్తవా?" అన్నడు. "జరంత చాలు సార్, చచ్చేటందుకు" అన్న. గంత గట్టి మాట అన్నందుకు ఆడనే మా వాళ్ళు నన్ను భుజాల మీద ఎత్తుకున్నంత పని చేసిండ్రు. మేము మీదికొచ్చేవరకు జర పొద్దెక్కింది. క్యాంటీన్ల ఒక ముసలి కూలీ నా చెయ్యి పట్టుకొని "నీ కడుపు సల్లగుండ" అన్నడు. నాకు గాల్ల తేలినట్టున్నది.

చాయ్ సగం తాగినం. ఆఫీసు కాడికెళ్ళి ప్యూను ఉరికొచ్చిండు. "సర్దార్ సాబ్, ఇంటికాడికెళ్ళి కబురొచ్చింది. మీ బిడ్డను దవాఖానకు తీస్కపోయిండ్రట." బావ గ్లాసు అట్లనే పెట్టి లేచిండు. స్కూటర్ నేనే నడిపిన. దారిల బావ ఒక్కటే అడిగిండు: "బాలింతలకు ఫిట్స్ వస్తయంటరు, గదేనా బావా?" నేను అయి ఉంటది అన్న. గప్పటిదాక నాకు సుత కుంపటి యాదికి రాలే.

దవాఖానల మంచం మీద పిల్లను పండవెట్టిండ్రు. అప్పటికే అయిపోయింది. బుగ్గలు ఎర్రగున్నయి. పెదవులు పాన్ తిన్నట్టు ఎర్రగున్నయి. పక్క మంచం కాడ ఎవ్వరో ఆమె, "ఎంత కళగున్నది పిల్ల, నిద్రపోతున్నట్టే ఉన్నది గదనే" అని ఏడ్సింది. ఆ రంగు ఏందో నాకెరుక. మోనాక్సైడ్ తోని పోయిన మనిషి పాలిపోడు, ఎర్రగైతడు అని బోర్డు మీద రాసింది నేను. గోడకు ఆనుకొని కూసున్న. బావ పిల్ల మొఖం పట్టుకొని "లే బిడ్డా, నాయన వచ్చిన లే" అని పిలుసుకుంట ఉన్నడు.

అయిందేందంటే, పిల్లకు తలస్నానం పోసి లోపట పండవెట్టిండ్రు. కుంపటి మంచం కాళ్ళ దిక్కు పెట్టిండ్రు. జల్ది కాలిపోవద్దు, మెల్లగ వేడి ఇయ్యాలెనని అవ్వ నిప్పుల మీద బూడిద కప్పింది. తలుపు మూసింది. అక్క నల్లా కాడ బట్టలు ఉతుకుతుంది. అవ్వ వాకిట్ల ఎండకు కూసుండి, కాళ్ళు చాపి, పసిపిల్లను కాళ్ళ మీద పండవెట్టుకొని స్నానం పోసింది. పోసి తుడిచి సాంబ్రాణి పట్టంగనే పసిది ఆ కాళ్ళ మీదనే నిద్రపోయింది. తాను కదిలితే పసిది లేస్తదని ముసలామె కదలలే. కాళ్ళు తిమ్మిరెక్కినా గట్లనే కూసున్నది. పసిది లేచి పాలకు ఏడ్సినంక తలుపు తెరిచింది.

డాక్టరు బయటికొచ్చి, "గదిల బొగ్గులు పెట్టిండ్రా? ఎవ్వరు పెట్టిండ్రు?" అని అడిగిండు. అవ్వ ముందుకొచ్చింది. "నేనే పెట్టిన సారూ. బూడిద నేనే కప్పిన, కిటికీ నేనే మూసిన" అన్నది. అక్క తల ఎత్తి నా దిక్కు ఒక్కసారి చూసింది. తిట్టు లేదు ఆ చూపుల, కోపం లేదు. చెప్తవా అని అడిగినట్టున్నది. నేను నేల దిక్కు చూసిన.

మందమర్రికెళ్ళి అల్లుని వాళ్ళు వచ్చిండ్రు. వాళ్ళ దుఃఖం వాళ్ళది, అనరాని మాటలన్నరు. "మీ ముసల్ది మా పిల్లను కాల్చకుండ కాల్చింది" అని అవ్వ మొఖం మీదనే అన్నరు. కాలనీ అంత గదే మాట. నల్లా కాడ, కిరాణా దుకాణం కాడ, ఏడికి పోయినా ముసలామె తెలివితక్కువతనం మీదనే ముచ్చట. బావ తల్లితోని మాట్లాడుడు బంద్ చేసిండు. ఒక్క ఇంట్ల ఉండి, తల్లి పెట్టిన నీళ్ళ చెంబు ముట్టకపోతుండె. నేను రోజు గోడ ఇవుతలకెళ్ళి చూస్తుంటి. ఇయ్యాల అక్క చెప్తది, రేపు చెప్తది అని రోజు గోడకు చెవి ఆనిస్తుంటి. అక్క చెప్పలే. నేను సుత చెప్పలే.

బాయిల ఒక మనిషి కాలు విరిగితే ఎంక్వైరీ ఉంటది. ఎవ్వడు ఏం చూసిండు, ఎవ్వడు ఏం అన్నడు, అందరి వాంగ్మూలం రాసి సంతకం తీసుకుంటరు. ఇంట్ల ఒక పిల్ల పోతే ఎంక్వైరీ లేదు. ఉంటే నేను ఏం రాస్తుంటినో ఇప్పటికి అనుకుంట.

ఒక రోజు అవ్వ గేటు కాడ నన్ను ఆపింది. మునుపటి తీరుగ నవ్వలే. "కొడుకా, నువ్వు చదువుకున్నోనివి. పొగ లేని నిప్పుల ఏమున్నది రా, పిల్ల పాణం తీసుకున్నది? నాకు సమజయ్యేటట్టు చెప్పు" అని బతిలాడింది. నేను చెప్పిన. గ్యాసు సంగతి, బూడిద సంగతి, అంత చెప్పిన. ఆమె శ్రద్ధగ విన్నది. "ఇంత సంగతి ఉన్నదా? మరి ఎవ్వరన్న ముందుగాల చెప్పకపోతిరి" అన్నది. డ్యూటీకి టైం అయితుందని పోయిన.

అవ్వ మెల్లగ తిండి బంద్ చేసింది. ఎండలు ముదిరే వరకు పోయింది. పాడె మోసెటోళ్ళల్ల నేనొకన్ని. తేలిగ్గున్నది.

ఆ తర్వాత కాలనీకి గ్యాసు బండలు వచ్చినయి, బొగ్గు కుప్పలు పోయినయి. వాకిట్ల పొగ పోయింది గని పొగ ఏడికి పోతది? మీదికెళ్ళి తవ్వే ఓపెన్ కాస్టు బాయిల దుమ్ము వచ్చింది, పొగగొట్టాల బూడిద వచ్చింది. నా ఛాతీ ఇప్పుడు మెట్లెక్కితే పాత ఫ్యాను తీరుగ చప్పుడు చేస్తది. నేను రిటైరైనంక ప్రతి చలికాలం పాత క్వార్టర్లు, గుడిసెలు తిరిగి, కుంపటి లోపట పెట్టకుండ్రి, పెడితే తలుపు తెరువుండ్రి అని చెప్తుంట. కొందరు వింటరు, కొందరు ముసలోనికి పని లేదంటరు. మంచి పని చేస్తున్నవని ఎవ్వరన్న మెచ్చుకుంటే నాకు లోపట మండుతది.

పసిపిల్లను అక్కనే పెంచింది. తండ్రి ఇంకో పెండ్లి చేసుకున్నడు. పిల్ల నన్ను తాతా అంటది. తల్లి పోలికనే, నవ్వు సుత గదే. పదో తరగతిల సైన్సు చెప్పుమని పుస్తకం పట్టుకొని నా కాడికొస్తుండె. ఒక రోజు ఇంధనాలు కాలుడు పాఠం తీసింది. పూర్తిగ కాలుడు మంచిగ చెప్పిన. కింద సగం కాలుడు గురించి రెండు వరుసలు, పక్కకు నీలం మంట బొమ్మ ఉన్నయి. నేను పేజీ తిప్పిన. "ఇది తాతా?" అని వెనుకకు తిప్పింది. "అది పరీక్షల రాదు బిడ్డా" అన్న. మళ్ళ తిప్పిన. మా అమ్మను ముత్తవ్వ చంపింది అని ఆ పిల్ల దోస్తులకు చెప్తుంటె నా చెవులతోని విన్న. చిన్నప్పటికెళ్ళి విన్నది గదే, గదే చెప్తది. ఆ ఇంట్ల అవ్వ ఫోటో సుత గోడకు లేదు.

మొన్న వానకాలం అక్క పోయింది. పదో దినం అయిపోయింది. చుట్టాలంత పోయిండ్రు. నేను ఇంట్ల పండుకొని ఆలోచన చేసిన. నేనన్న ఆ మాట ఎరుకైన మనిషి ఇగ లోకంల లేదు. ఊపిరి తేలిగ్గ రావాలె గదా? రాలే. ఆమె ఉన్నన్నొద్దులు నా తప్పు సగం ఆమె మోసింది, ఇప్పుడు అంత నా మీదనే పడ్డట్టైంది. తట్టుకోలేకపోయిన. తెల్లారంగనే గోడ దాటి పోయిన.

బావ ముందర్రల కుర్చీల కూసున్నడు. వినికిడి జర తగ్గింది గని మాట మంచిగనే వింటడు.

"బావా, నీకొక మాట చెప్పాలె. చెప్పినంక చెప్పుతోని కొట్టినా పడ్త. ఆ పొద్దు అక్క నన్ను అడిగింది, కుంపటి లోపట పెట్టొచ్చా అని. నేనే పెట్టుమన్న. ఏం కాదన్న."

బావ నా దిక్కు చూడలే. వాకిట్ల కుంపటి పెట్టే జాగ దిక్కు చూసిండు.

"నాకెరుక" అన్నడు.

"అక్క చెప్పిందా?"

"ఆమె ఎన్నడు చెప్పలే. నేను విన్న. తలుపెనుక బూట్లు తొడుక్కుంటున్న. నువ్వన్నది విన్న. విని ఏం చేసిన? లేసులు కట్టుకున్న, టిఫిను పట్టుకున్న. కుంపటి దాటుకొనే బయటికొచ్చిన. నీలం మంట నేను సుత చూసిన బావా. నాది సుత గ్యాసు సర్టిఫికెట్టే గదా. నీకంటే ముందు పాసైనోన్ని."

"మరి అవ్వను అందరు అంటుంటె..."

"నువ్వెందుకు నోరు తెరువలేదో నేను సుత గందుకే." ఆయన రెండు చేతులతోని మొఖం తుడుచుకున్నడు. "నేను చెప్తే, సర్దార్ అయి ఉండి బిడ్డను కాపాడుకోలేకపోయినవా అని లోకం అంటది. అవ్వ అయితే చదువురానిది. ఆమె మీద పడ్డదాన్ని ఆమె మీదనే ఉంచిన. ఆఖరికి నీళ్ళు సుత ఆమె చేతికెళ్ళి తాగలే. కన్నతల్లి బావా."

ఇద్దరం ముసలోళ్ళం చిన్నపోరగాండ్ల తీరుగ ఏడ్సినం. తలుపు కాడ చప్పుడైంది. చూస్తే మనుమరాలు రెండు గ్లాసులల్ల చాయ్ పట్టుకొని నిలబడ్డది. ఎంతసేపటికెళ్ళి నిలబడ్డదో ఎరుక లేదు, చాయ్ మీద మీగడ కట్టింది. డిగ్రీ చదువుతుంది ఇప్పుడు. సమజ్ కాని వయసు గాదు.

"పరీక్షల రాదన్నవు గద తాతా" అన్నది.

నేను లేచి నిలబడ్డ.

"ముత్తవ్వ నన్ను కాళ్ళ మీద పండవెట్టుకొని బయట కూసున్నందుకు నేను బతికిన. గంతేనా?"

"గంతే బిడ్డా" అన్న.

"ఆమె ఆ తర్వాత ఎన్నొద్దులున్నది?"

"ఎండలు ముదిరేదాక. నాలుగు నెలలు."

గ్లాసులు కింద పెట్టింది. మమ్మల్ని ఇద్దరిని ఒకల తర్వాత ఒకల్ని చూసింది.

"నాలుగు నెలలు. అందరు ఆమెను చంపినవు చంపినవు అనుకుంట ఉంటె, మీరిద్దరు ఏం చేసిండ్రు?"

బావ తల వంచుకున్నడు. జవాబు నేనే చెప్పిన.

"డ్యూటీకి పోయినం బిడ్డా" అన్న.